గిల్బోవ కొండ కింది పొలం

మత్తన్యాకు చాలాకాలంగా ఒక సందేహం ఉండిపోయింది. లేఖనాల్లో యుద్ధం వచ్చిన ప్రతిసారీ, అది జరిగిన చోటు పేరు కూడా ఎందుకు చెప్పారు?

ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో చెబితే చాలు కదా. ఏ లోయలో, ఏ వాగు ఒడ్డున, ఏ కొండ మీద అన్న వివరం మనకెందుకు? లేఖనంలో ఒక్క మాట కూడా వృథాగా ఉండదని అతని నమ్మకం. కాబట్టి ప్రతి యుద్ధభూమికీ ఒక అర్థం ఉండే తీరాలి. ఆ అర్థం కనిపెట్టే బాధ్యత తన మీద ఉందనుకున్నాడు. ఎవరూ పెట్టలేదు లెండి, తనే నెత్తిన వేసుకున్నాడు.

అతను చదువుకునే చిన్న పాఠశాల యెజ్రెయేలు మైదానం అంచున, గిల్బోవ కొండ కింద ఒక ఊళ్లో ఉండేది. యెరూషలేములో దేవాలయం కూలిపోయి అప్పటికే చాలా తరాలు గడిచాయి. గురువు పేరు రబ్బీ ఎల్నాతాను. మంచి మనిషే గాని మాటల్లో మహా పిసినారి. శిష్యుడు ఎంతసేపు వివరించి చెప్పినా "ఊఁ" అని ఊరుకునేవాడు. అది మెచ్చుకోలో మందలింపో ఎవరికీ అంతుపట్టేది కాదు. మత్తన్యా మాత్రం మెచ్చుకోలనే అనుకునేవాడు. ఆ వయసులో ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఒక్కో యుద్ధభూమినీ తీసుకుని అతను అర్థం తేల్చుకుంటూ వచ్చాడు. కీషోను వాగు పక్కన అంతా చదును నేల. శత్రువుల ఇనుప రథాలకు అంతకంటే అనువైన చోటు లేదు. వాగు పొంగి ఆ రథాలన్నీ బురదలో దిగబడ్డాయి. అంటే మనిషి దేన్ని చూసుకుని మిడిసిపడతాడో అదే అతన్ని ముంచుతుందన్నమాట. ఏలా లోయలో రెండు సైన్యాలు చెరో కొండా ఎక్కి కేకలు వేసుకున్నాయే తప్ప కిందికి దిగలేదు. సౌలు రాజు వైపునుంచి దిగినవాడు గొర్రెలు కాచుకునే దావీదు ఒక్కడే. అంటే లోయ అనేది వినయానికి గుర్తు. యెహోషాపాతు రాజు సైన్యానికి ముందు పాటలు పాడేవాళ్లను నడిపించాడు, కత్తి దూయకుండానే గెలిచాడు. తర్వాత జనం ఒక లోయలో చేరి దేవుణ్ని స్తుతించారు గనక ఆ లోయకు దీవెన అని పేరు వచ్చింది. దానికి అర్థం పేరులోనే ఉంది.

అన్నీ చక్కగా కుదిరాయి. గిల్బోవ ఒక్కటే కుదరలేదు.

అదేమో రోజూ పొద్దున్న లేచి తలుపు తీయగానే కనిపించే కొండ. ఆ కొండ మీద సౌలు రాజూ, అతని ముగ్గురు కొడుకులూ ఒకే యుద్ధంలో చనిపోయారు. ఆ కొడుకుల్లో యోనాతాను దావీదుకు ప్రాణస్నేహితుడు. అక్కడ వాగు పొంగలేదు, పాట పాడినవాళ్లు లేరు, దేవుడు ఒక్క మాట మాట్లాడలేదు. ఎక్కడో దూరాన ఉన్న దావీదుకు కబురు అందింది. బట్టలు చింపుకున్నాడు, పొద్దు గూకేదాకా పస్తుండి ఏడ్చాడు, శోకగీతం ఒకటి చెప్పాడు. అందులో ఆ కొండలనే శపించాడు. మీ మీద మంచు కురవకూడదు, వాన పడకూడదు, దేవుడికి అర్పించే మొదటి వాటాకు తగిన పొలమే మీ మీద ఉండకూడదు అన్నాడు.

మత్తన్యా ఆ శాపం దగ్గర ఆగాడు. దొరికింది అనుకున్నాడు. గిల్బోవ అంటే దేవుడు చెయ్యి విడిచిన నేల. అదే దాని అర్థం.

గురువుకు చెప్పాడు.

"ఊఁ" అన్నాడు రబ్బీ ఎల్నాతాను.

ఆ వారమే తిబెరియలో ఉన్న అక్కకు జబ్బు చేసిందని కబురొచ్చి రబ్బీ వెళ్లాడు. వెళుతూ, ఎవరైనా ఏదైనా అడగడానికి వస్తే తెలిసినంతవరకు చెప్పమని మత్తన్యాతో అన్నాడు. గురువుకు తన మీద ఎంత గురి ఉందో అని మత్తన్యా పొంగిపోయాడు.

వచ్చింది షెలోమీతు. వేసవిలో పొలం గట్టు సరిచేస్తూ ఆమె భర్త మల్కీయా పాము కరిచి చనిపోయాడు. ఇంట్లో ఇప్పుడు ఆమె, ముసలి అత్తగారు పెనిన్నా. తొలివాన పడింది. పక్కింటివాళ్లు ఎడ్లు ఇస్తామన్నారు. విత్తే ముందు ఒక్క మాట అడిగిపోదామని వచ్చింది.

"పంటలో యాజకుల వాళ్లకిచ్చే మొదటి వాటా ఎప్పుడూ మా ఆయనే తీసేవాడయ్యా. వచ్చే ఏడు నేను తీయవచ్చా? ఆడదాన్ని కదా, అందుకని."

అడిగింది చిన్న ప్రశ్న. తీయవచ్చమ్మా అంటే అయిపోయేది. ఆమె ఇంటికెళ్లి విత్తనాలు మూట కట్టుకునేది.

కానీ మత్తన్యా, "పొలం ఎక్కడ?" అన్నాడు.

"కొండ వాలులో అయ్యా. గిల్బోవ మీదే."

మత్తన్యా కళ్లు మెరిశాయి. ఆమెను కూర్చోబెట్టి వివరించడం మొదలుపెట్టాడు. మొదటి వాటా తీయనిదే గింజ నోట్లో పెట్టకూడదని ధర్మశాస్త్రం. గిల్బోవ మీద ఆ వాటాకు తగిన పొలమే ఉండకూడదని దావీదు నోట వచ్చింది. కాబట్టి ఆ పొలంలో తీసిన వాటా వాటాగా చెల్లదు. వాటా చెల్లనప్పుడు మిగిలిన గింజ తినడానికి లేదు. తినడానికి లేనిదాన్ని విత్తడం దేనికి?

మాటకు మాట ఎంత బాగా అతుక్కుందో అతనికే ఆశ్చర్యం వేసింది. ఒక్కసారి ఆమె ముఖం చూసి ఉంటే ఆగేవాడేమో. అతను పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"మరి మేం ఏం తినాలయ్యా?" అంది షెలోమీతు.

"పేదలు పరిగె ఏరుకోవచ్చమ్మా. వాళ్ల కోసమే పొలం మూలలు కోయకుండా వదలమన్నారు."

పోయిన ఏడాదిదాకా అలా మూలలు వదిలిన చేతులు ఆమెవి. ఆ మాట ఆమె అనలేదు. కొంగు సర్దుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. ఊళ్లో సగం పొలాలు ఆ వాలులోనే ఉన్నాయి. కొందరు నాగళ్లు ఆపేశారు. తాతల నాటినుంచి తింటున్నాం, ఎవరికైనా ఏమైనా అయిందా అని ఒకడు అడిగితే, తిన్న తాతలంతా పోయారు కదా అని ఇంకొకడు గుర్తుచేశాడు. యాజక వంశపు ముసలాయన పషూరు ఏళ్ల తరబడి ఆ పొలాల వాటా తిన్నవాడు. ఆ పూటనుంచే ఆయనకు కడుపునొప్పి పట్టుకుంది. ఏది తప్పో ఏది ఒప్పో ఎవరికీ పాలుపోలేదు.

చివరికి రైతులు ఒక ఉపాయం కనిపెట్టారు. మనల్నెవరూ వద్దనలేదు, మనమెవర్నీ అడగలేదు, రబ్బీ వచ్చాక చూసుకుందాం అని మళ్లీ నాగళ్లు కట్టారు. అడగనివాళ్లు దున్నుకున్నారు. అడిగినావిడ ఆగిపోయింది. పొరుగువాళ్ల చాళ్లు చూస్తూ ఆమె రోజూ గుమ్మంలో నిలబడేది. తిండిగింజలు నిండుకున్నాయి. విత్తనానికి దాచిన గోధుమల్లోంచే తీసి పిండి విసరడం మొదలుపెట్టింది. తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది. అది అయిపోతే ఆ ఇంటికి వచ్చే ఏడు పంట లేనట్టే.

కొన్ని వారాల తర్వాత రబ్బీ ఎల్నాతాను విశ్రాంతి దినానికి ముందురోజు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. ఊరి మొదట్లోనే నలుగురు చుట్టుముట్టి నాలుగు రకాలుగా చెప్పారు. ఆయన అందరి మాటా విని పాఠశాలకు వచ్చి కాళ్లు కడుక్కున్నాడు.

మత్తన్యా తన తీర్పు మొదటినుంచి చివరిదాకా వినిపించాడు. ఈసారి చెబుతుంటే ఎందుకో గొంతు అంత గట్టిగా రాలేదు.

"ఊఁ" అన్నాడు రబ్బీ.

"తప్పయితే చెప్పండి, రబ్బీ."

"లేఖనం సరిగ్గానే చెప్పావు. ధర్మశాస్త్రం సరిగ్గానే చెప్పావు. ఒకదానికొకటి సరిగ్గానే తగిలించావు. పద, ఆవిడ ఇంటికి వెళ్దాం. పొద్దు వాలకముందే."

మత్తన్యాకు ఏమీ అర్థం కాలేదు. తీర్పు సరైనదైతే అక్కడికి వెళ్లడమెందుకు? కాకపోతే కాదని ఇక్కడే అనవచ్చు కదా? దారి పొడుగునా ఆయన వెనక నడుస్తూ ఆలోచించాడు. ఆలోచించిన కొద్దీ ఇంకా చిక్కుపడింది.

షెలోమీతు ఇల్లు ఊడ్చి, అలికి, విశ్రాంతి దినపు దీపం అప్పుడే వెలిగించింది. గోడ గూట్లో మట్టి ప్రమిద చిన్నగా వెలుగుతోంది. బల్ల మీద రెండు రొట్టెలున్నాయి. అవి విత్తనపు గోధుమలతో చేసినవని చెప్పనక్కర్లేదు. పెనిన్నా చూపు తగ్గిన మనిషి. దీపానికి దగ్గరగా కూర్చుంది.

రమ్మన్నా రబ్బీ కూర్చోలేదు. గుమ్మం లోపల నిలబడి దీపం వైపు చూశాడు.

"మత్తన్యా, ఆ దీపం ఆర్పెయ్యి."

మత్తన్యా తాను సరిగ్గా వినలేదేమో అనుకున్నాడు. "ఏమిటి, రబ్బీ?"

"ఆర్పెయ్యమన్నాను. పొద్దు కుంకితే విశ్రాంతి దినం మొదలు, ఇక నిప్పు ముట్టుకోకూడదు. రేపు సాయంత్రందాకా మళ్లీ వెలిగించడానికీ లేదు, ఆర్పడానికీ లేదు. త్వరగా కానీ."

"ఎందుకు?"

"మల్కీయాను పాతిపెట్టి వచ్చిన రోజు ఈమె ఈ గుమ్మంలోనే నిలబడి ఏమంది? నువ్వు నా పక్కనే ఉన్నావు. విన్నావు."

విన్నాడు. ఊరంతా విన్నది. ఆమె గుమ్మానికి తల బాదుకుంటూ, దేవుడి మీద ఒట్టు, ఈ ఇంట్లో ఇక దీపమనేది వెలగకూడదు అంది. ఆ తర్వాత ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి ఆమెను లోపలికి తీసుకెళ్లి, ఏమీ అనకుండా దీపం పెట్టారు. చావు జరిగిన ఇంట్లో అలాగే చేస్తారు.

"దేవుడి పేరు ఎత్తి అంది. సాక్షులున్నారు. ఒట్టు పెట్టినవాళ్లు మాట తప్పకూడదని ధర్మశాస్త్రం. ఒకదానికొకటి తగిలించి చూడు. సరిపోతుంది" అన్నాడు రబ్బీ.

షెలోమీతు ముఖం పాలిపోయింది. "అన్నానయ్యా. అబద్ధమెందుకు చెప్పాలి. ఆ మాట అన్నాను" అంది. పొలం విషయంలో ఎదురు చెప్పని మనిషి ఇక్కడ మాత్రం చెబుతుందా? రెండు వేళ్లు తడి చేసుకుని వత్తి నలపడానికి గూటి దగ్గరికి వెళ్లింది.

"ఏమంటున్నారే? దీపం తీసేస్తారా?" అంది పెనిన్నా, ఎటు చూడాలో తెలియక.

మత్తన్యా ఎప్పుడు కదిలాడో అతనికే తెలియదు. ఆమె వేళ్లకూ వత్తికీ మధ్య తన అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా, ఉండండి."

గురువు వైపు తిరిగాడు. ఇన్నేళ్లలో ఆయనతో ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడింది లేదు.

"రబ్బీ, ఆ రోజు ఆమె మొగుణ్ని మట్టిలో పెట్టి వచ్చింది. ఏడుస్తూ అన్న మాట అది. ఏడ్చేవాళ్ల నోట్లోంచి వచ్చిన మాట పట్టుకుని ఎవరైనా తీర్పు చెబుతారా?"

రబ్బీ "ఊఁ" అని కూడా అనలేదు.

మత్తన్యా చెయ్యి అలాగే దీపం మీద ఉండిపోయింది. గిల్బోవను శపించిన రోజు దావీదు కూడా ఏడుస్తూనే ఉన్నాడని అప్పుడు తట్టింది. ముందు చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత ముఖమంతా ఎర్రబడింది.

"ఎవరిదా చెయ్యి? తియ్యి నాయనా, కాలుతుంది" అంది పెనిన్నా.

అతను చెయ్యి తీశాడు. నెమ్మదిగా గుమ్మం దాటి బయటికి వచ్చాడు. ఎదురుగా గిల్బోవ వాలు మీద పొద్దు చివరి వెలుగు పడుతోంది. దున్నిన పొలాలు నల్లగా ఉన్నాయి. మధ్యలో ఒక్క మడి మాత్రం దున్నకుండా, కలుపు మొలిచి పచ్చగా ఉంది. చాలాసేపు దాన్నే చూశాడు. సిగ్గు వేసింది. ఏడుపు వచ్చింది.

షెలోమీతు గుమ్మం దగ్గరికి వచ్చింది. "దీపం ఉంచవచ్చా అయ్యా?"

"ఉంచండమ్మా." అతను ఆమె ముఖం చూసి మాట్లాడడం అదే మొదటిసారి. "విశ్రాంతి దినం ముగియగానే పొలం దున్నించండి. గోధుమ విత్తండి. వాటా మీరే తీయవచ్చు. మీరు అడిగిన రోజే నేను ఆ ఒక్క మాట చెప్పవలసింది."

ఆమె అయోమయంగా చూసింది. "మొన్న వద్దన్నారు. ఇప్పుడు విత్తమంటున్నారు. ఏది నిజమయ్యా? విత్తనాల్లో సగం తినేశాం కూడాను."

"నేను తెస్తానమ్మా" అన్నాడు మత్తన్యా. ఎక్కడినుంచి తేవాలో అప్పటికి అతనికి తెలియదు.

ఇల్లిల్లూ అడిగి తెచ్చాడు. విశ్రాంతి దినం మర్నాడు తెల్లవారగానే గోనెసంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, ఆమె గింజలు నా మూలంగా అయిపోయాయి, విత్తనాలు పెట్టండి అన్నాడు. కొందరు నవ్వారు. ఒకావిడ తలుపు తీయకుండా లోపల్నుంచే నాలుగు చీవాట్లు పెట్టి, తర్వాత తలుపు తీసి గోధుమలు పోసింది. పషూరు ముసలాయన, నా కడుపునొప్పి సంగతేమిటని గట్టిగా తగువు వేసుకుని, కుంచం నిండా పోశాడు.

ఎడ్లు వచ్చాయి. పొద్దెక్కేసరికి మడి దున్నడం అయింది. ముందు మత్తన్యా, వెనక షెలోమీతు గింజలు చల్లుకుంటూ నడిచారు. అలవాటు లేని చెయ్యి గనక అతను ఒకచోట కుప్పగా పోసి, ఇంకోచోట ఖాళీ వదులుతున్నాడు. ఆమె వెనకనుంచి సర్దుకుంటూ వచ్చింది. రబ్బీ ఎల్నాతాను గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు.

చాలు చివర మత్తన్యా ఆగాడు. తల అంతా కలగాపులగంగా ఉంది. గిల్బోవకు తాను చెప్పిన అర్థం పోయింది. దాని చోట ఏం పెట్టుకోవాలో తెలియడం లేదు. ఇది పోతే మిగతావి నిలుస్తాయా అన్న భయం కొత్తగా మొదలైంది.

"రబ్బీ, గిల్బోవ విషయంలో పొరబడ్డాను. మిగతావాటికి నేను చెప్పిన అర్థాలైనా సరైనవేనా? కీషోను వాగు? అక్కడ గెలిచాం కదా. ఆ రోజు పాడిన పాట అంతా నాకు కంఠతా వచ్చు."

"చివరిదాకా వచ్చా?"

"వచ్చు."

"ఆ చివర్లో, బురదలో రథాలు దిగబడ్డాక, ఒక ముసలావిడ కిటికీ దగ్గర నిలబడి ఉంటుంది. శత్రు సేనాపతి తల్లి. నా కొడుకు రథం ఇంకా రాలేదేం అని అడుగుతూ ఉంటుంది."

మత్తన్యా పెదవులు కదిలాయి. ఆ మాటలు ఎన్నిసార్లు పాడాడో లెక్కలేదు.

"ఆవిడకు ఏం చెబుతావో చూసుకుని, తర్వాత వచ్చి కీషోనుకు అర్థం చెప్పు" అన్నాడు రబ్బీ.

మత్తన్యా పిడికిట్లో గింజలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. వెనకనుంచి వస్తున్న షెలోమీతు అతని దగ్గరికి వచ్చి ఆగింది. అతను పక్కకు తప్పుకుని, వంగి, ఈసారి కొద్దికొద్దిగా చల్లుకుంటూ నడిచాడు.